తన లెక్క తానే వ్రాసికొనువాని మనస్సు

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, మత్తయి 17:24–27, లూకా 18:9–14



మన డెల్టాలో కాలువలకు నీరు వదలి నారుమళ్లు పోయు దినములలోనే మన సంఘస్థులలో కొందరికి మరియొక పని తటస్థించును. అది ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయు పని. ఉద్యోగులకు, పింఛనుదారులకు సాధారణముగా జూలై నెలాఖరు దానికి గడువు. వెనుకటి తరములో ఈ మాట మన పల్లెలలో అరుదుగా వినబడెడిది. నేడు బడిపంతులు, ఆసుపత్రి నర్సు, రైల్వే ఉద్యోగి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంపెనీలో పని చేయు కుమారుడో కుమార్తెయో, ఇట్టివారు లేని సంఘము అరుదు. వీరిలో అనేకులు రుసుము చెల్లించి మరియొకరిచేత ఆ పని జరిపించుకొందురు. కొందరు మాత్రము తామే కూర్చుండి, తమ చేతితోనే ఆ లెక్క పూర్తి చేసికొందురు.

అట్లు తామే చేసికొన్నవారిని అడిగి చూడుడి. పని ముగిసిన తరువాత వారి మనస్సు పూర్తిగా సంతోషముగా నుండదు, పూర్తిగా విచారముగాను నుండదు. ఒక ప్రక్క తృప్తి, ఒక ప్రక్క నొప్పి, వాటి క్రింద ఎవరికిని చెప్పుకొనలేని ఒక సణుగుడు. ఇట్టి మిశ్రమ భావము విశ్వాసికి తగినదేనా? అది లోభమునకు గుర్తా, లేక మేలుకొనియున్న మనస్సాక్షికి గుర్తా? ఈ నెల మనము ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా ఆలోచింతము.

లెక్క చెప్పినది

మాట స్పష్టముగా నుండుటకు ఒక ఉదాహరణ కల్పించుకొందము. గుడివాడ ప్రాంతములో ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొనుడి. సెంటు భూమి లేదు. 2024–25 సంవత్సరపు ఆదాయమునకు లెక్క వ్రాయుటకు కూర్చుండెను. బడివారిచ్చిన ఫారం 16 ప్రకారము సంవత్సరపు జీతము 9,80,000 రూపాయలు. బ్యాంకులో దాచుకొన్న డిపాజిట్లమీద వడ్డీ 25,000. మొత్తము 10,05,000. క్రొత్త పన్ను విధానములో జీతగానికి ఇచ్చు 75,000 తగ్గింపు పోగా మిగిలినది 9,30,000. ఆ సంవత్సరపు రేట్ల ప్రకారము మొదటి 3 లక్షలకు పన్ను లేదు. తరువాతి 4 లక్షలకు నూటికి 5 చొప్పున 20,000. మిగిలిన 2,30,000 కు నూటికి 10 చొప్పున 23,000. రెండును కలిసి 43,000. దానిమీద ఆరోగ్య విద్యా సెస్సు నూటికి 4 చొప్పున 1,720. వెరసి 44,720.

జీతములోనుండి ముందుగనే కోసి కట్టబడినది 42,120. బ్యాంకు వడ్డీ సంగతి జీతమిచ్చువారికి తెలియదు గనుక దానిపై పన్ను కోయబడలేదు. కావున ఇంకను చెల్లించవలసినది 2,600 రూపాయలు. ఆయన ఆ పైకమును కట్టి, రిటర్ను పంపి, ముప్పది దినముల గడువులోగా ఆధారు ద్వారా దానిని ధ్రువపరచెను. పని ముగిసినది.

ఇప్పుడు ఆయన హృదయములో మూడు మాటలు వినబడును. మొదటిది, "నా లెక్క నేనే చేసికొంటిని, ఎవరి చేతిలోను పెట్టలేదు" అనునది. అది తృప్తి. రెండవది, "సంవత్సరమంతయు సుద్దముక్క పట్టి సంపాదించినదానిలో ఇంత పోయినదా? పిల్లవాని ఫీజు వచ్చిపడియున్నదే" అనునది. అది నొప్పి. మూడవది మరునాడు బడిలో వినబడును. తోటి ఉద్యోగి ఒకడు, అదే జీతము గలవాడు, ఏజెంటుచేత వ్రాయించుకొని, తనకు ముప్పది వేలు తిరిగి వచ్చినవని చెప్పును. ఉండని ఇంటికి అద్దె, ఇయ్యని విరాళము చూపగా వచ్చిన ధనమది. "నేనేనా వెర్రివాడను?" అనునది ఆ మూడవ మాట. అదే సణుగుడు.

ఫలితము తీర్పు కాదు

మొదట ఒక పొరపాటు అభిప్రాయమును ప్రక్కకు పెట్టుదము. రిఫండు వచ్చినవాడు గెలిచినట్లును, చెల్లించినవాడు ఓడినట్లును మనము మాటలాడుకొందుము. నిజమునకు న్యాయముగా వచ్చిన రిఫండు బహుమానము కాదు. అది మన దగ్గరనుండి అవసరమునకు మించి ముందుగా కోసికొన్న మన ధనమే. చెల్లింపు శిక్షయు కాదు. అది ముందుగా తగినంత కోయబడలేదని చెప్పు అంకె మాత్రమే. పై ఉదాహరణలోని పంతులుగారికి ఆ 2,600 ముందుగనే కోయబడియుండినయెడల ఆయనకు చివర సున్న కనబడియుండును, మనస్సు నెమ్మదిగా నుండియుండును. అయితే ఆయన చెల్లించిన మొత్తము పన్ను ఒక్క పైసయు మారియుండదు. కాబట్టి చివరి వరుసలోని అంకెనుబట్టి మన అదృష్టమును గాని, దేవుడు మనయెడల చూపు దయను గాని కొలుచుకొనరాదు.

తన లెక్క తానే వ్రాసికొనుటలో ఒక మేలు గలదు. ఇతరులచేత చేయించుకొన్నవాడు ఆ చివరి అంకెను మాత్రమే చూచును. తానే చేసికొన్నవాడు ఆ అంకె ఎక్కడినుండి వచ్చినదో చూచును. తనకు ఎంత ఇయ్యబడినదో, ఎంత ఖర్చయినదో, ఏది తన దగ్గర నిలిచినదో ఒక్క కాగితముమీద కనబడును. చాలమందికి తమ సంవత్సరపు ఆదాయము మొత్తముగా కనబడునది ఆ ఒక్క దినముననే. ఆ చూపులో కృతజ్ఞతయు నుండును, చింతయు నుండును. రెండును నిజమైన సంగతులను చూచుటవలన కలిగినవే గనుక రెండింటిలో దేనినిగూర్చియు మనము సిగ్గుపడనక్కరలేదు.

అయినను ఆ సణుగుడు మిగిలియున్నది. దానిని విడదీసి చూచినయెడల రెండు వేరు వేరు ప్రశ్నలు అందులో కలిసిపోయినట్లు తెలియును. ఒకటి, "నేను వ్రాసినది సత్యమా?" రెండవది, "నన్ను అడిగినది న్యాయమా?" ఈ రెండింటిని కలిపివేయుటవలననే మనుష్యులు త్రోవ తప్పుదురు.

సంచిలో రెండు రాళ్లు

మోషే ధర్మశాస్త్రములో తూనికరాళ్లనుగూర్చి ఒక ఆజ్ఞ గలదు. ఒకే సంచిలో పెద్దరాయి ఒకటి, చిన్నరాయి ఒకటి పెట్టుకొని తిరుగకూడదని దాని భావము. కొనునప్పుడు పెద్దరాయి, అమ్మునప్పుడు చిన్నరాయి తీయు వర్తకుని మనము ఎరుగుదుము. అయితే ఆదాయమును చెప్పు విషయములో ఆ సంచి అనేకుల భుజముమీదనే యున్నది. పన్ను శాఖకు ఒక ఆదాయము. ఇంటి ఋణము కావలసినప్పుడు బ్యాంకుకు వేరొక ఆదాయము, అది పెద్దది. పిల్లల ఫీజు సహాయము కొరకు తహసీల్దారు కార్యాలయములో మరియొక ఆదాయము, అది అన్నిటికంటె చిన్నది. పెండ్లి సంబంధము మాటలాడు దినమున నాలుగవ ఆదాయము. మనుష్యుడు ఒక్కడే, సంవత్సరము ఒక్కటే, రాళ్లు మాత్రము నాలుగు.

ఇది చిన్న సంగతి కాదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖవారు దొంగ తగ్గింపులు, మినహాయింపులు చూపించు మధ్యవర్తులమీద దేశములో 150 చోట్ల తనిఖీలు జరిపిరి. అంతకు ముందటి నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సరిచేసికొని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనుకకు తీసికొనిరని ఆ శాఖవారే ప్రకటించిరి. వారిలో అందరును మోసగాండ్రని మనము తలంపరాదు. "అందరును ఇట్లే వ్రాయుదురు, మీరు సంతకము పెట్టుడి" అని ఎవరో చెప్పగా తల ఊపినవారు చాలమంది యుందురు. అయితే రిటర్ను చివర ధ్రువీకరణ మాట యొకటి గలదు. పైన చెప్పినదంతయు తనకు తెలిసినంతవరకు సరియైనదనియు సంపూర్ణమైనదనియు దాఖలు చేయువాడు చెప్పవలెను. ఆ మాట ఏజెంటు పేరున లేదు, మన పేరున నున్నది. లెక్క వ్రాయు పనిని ఒకరికి అప్పగింపవచ్చును గాని ఆ మాటను అప్పగింపలేము.

ఇక్కడ ఒక భేదమును స్పష్టము చేయవలెను. చట్టము ఇచ్చిన తగ్గింపును అడుగుట తప్పు కాదు. పాత విధానము, క్రొత్త విధానము అను రెండింటిలో తనకు అనుకూలమైనదానిని ఏరుకొనుట దొంగతనము కాదు. నిజముగా కట్టిన బీమా ప్రీమియము, నిజముగా కట్టిన అద్దె పాత విధానములో చూపుట హక్కు. ఉన్నదానిని చట్టము చూపిన చోట ఉంచుట వేరు, లేనిదానిని ఉన్నట్లు వ్రాయుట వేరు. మొదటిదానిని ఎవరి యెదుటనైనను బిగ్గరగా చెప్పవచ్చును. రెండవదానికి తలుపు మూయవలసియుండును. మనస్సాక్షికి ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు.

న్యాయమునుగూర్చిన ప్రశ్న

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. "నన్ను అడిగినది న్యాయమా?" ఇది దుష్టమైన ప్రశ్న కాదు. దానికి కారణము గలదు.

సెంటు భూమి లేని పంతులు పన్ను కట్టుచుండగా, అదే గ్రామములో పదియెకరముల మాగాణి గల ఆసామి పంటమీద వచ్చిన ఆదాయమునకు ఆదాయపు పన్ను కట్టడు. కౌలు రూపముగా వచ్చినదానికిని కట్టనక్కరలేదు. ఇది అతడు చేసిన మోసము కాదు, చట్టమే అట్లున్నది. దీనికి పాత చరిత్ర యున్నది. 1857 తిరుగుబాటు తరువాత ఖజానా వట్టిదైనందున 1860లో జేమ్సు విల్సను అను ఆర్థిక సభ్యుడు ఈ దేశములో మొదటిసారి ఆదాయపు పన్ను ప్రవేశపెట్టెను. సంవత్సరమునకు 200 రూపాయలు మొదలుకొని 500 లోపు గలవారికి నూటికి 2, అంతకు పైబడినవారికి నూటికి 4. ఆ చట్టము భూమి ఆదాయమును విడిచిపెట్టలేదు. 1886 నాటి చట్టము వ్యవసాయాదాయమును మినహాయించెను. రైతు అప్పటికే భూమి శిస్తు మోయుచుండెను. తరువాత మన రాజ్యాంగము వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు ఒప్పగించెను. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతములపై ఒక విధమైన పన్ను వేయవచ్చునని సిఫారసు చేసెను గాని అది దేశమంతట అమలునకు రాలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త చట్టములోను ఆ మినహాయింపు నిలిచియే యున్నది.

రైతు పక్షమునను మాట చెప్పవలెను. జీతము నెలనెల వచ్చును, పంట అట్లు రాదు. కోతకు వచ్చిన వరి ఒక తుఫానుతో నేలపాలగుట దివిసీమ వారికి చెప్పనక్కరలేదు. మన సంఘములలో అనేకులు ఆసాములు కారు, కౌలురైతులు, కూలీలు. వారి కష్టము ఏ ఫారములోను పట్టదు. పైగా ఆదాయపు పన్ను కట్టనివాడు ఏ పన్నును కట్టనివాడని తలంచుట పొరపాటు. సబ్బు కొనిన కూలీ స్త్రీ దాని ధరలోనే పన్ను కట్టుచున్నది. ఆమెకు రిఫండు లేదు, రిటర్ను లేదు, కనీసము తాను కట్టితినను తృప్తియు లేదు.

మన ప్రాంతములో మరియొక చిక్కు గలదు. కొల్లేరు చుట్టుపట్ల, కైకలూరు మొదలగు చోట్ల వరిపొలములు చేపల చెరువులైనవి. భూమిని దున్ని, విత్తి, పండించినదానినే చట్టము వ్యవసాయాదాయమని ఎంచును. చేపల పెంపకపు ఆదాయము సాధారణముగా ఆ మాట క్రిందికి రాదు. అయినను చెరువు ఆదాయమును వరి ఆదాయముగా వ్రాయవలెనను శోధన బలమైనది. "నిన్నటివరకు ఇది పొలమే గదా" అని మనస్సు చెప్పును. ఇంకొక ప్రక్క, సత్యము చెప్పుటవలన నష్టమును కలుగును. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాను పథకములో, భార్యాభర్తలలో ఒకరు ముందటి సంవత్సరపు లెక్కకు ఆదాయపు పన్ను చెల్లించియున్నయెడల ఆ కుటుంబమునకు సహాయము రాదు. రాష్ట్ర పథకములలోను పన్ను కట్టువారిని తప్పించు నిబంధనలు వచ్చినవి. కొద్దిపాటి పన్ను కట్టినందుకు అంతకంటె ఎక్కువ సహాయమును పోగొట్టుకొను ఇల్లు ఉండవచ్చును. అట్టివారితో "సంతోషముగా కట్టుడి" అని తేలికగా చెప్పువాడు వారి యింటి గుమ్మము ఎక్కినవాడు కాడు.

కాబట్టి అన్యాయమున్నదని ఒప్పుకొనుటకు మనము భయపడరాదు. పరిశుద్ధ గ్రంథము భయపడలేదు. రాజు వచ్చినయెడల పంటలో పదియవ వంతు తీసికొనునని సమూయేలు ప్రజలకు ముందుగనే చెప్పెను. నెహెమ్యా కాలములో జనులు రాజునకు చెల్లించు పన్ను కొరకు తమ పొలములను, ద్రాక్షతోటలను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకొనవలసి వచ్చెను. వారు ఊరకుండలేదు, గట్టిగా మొఱ్ఱపెట్టిరి. నెహెమ్యా ఆ మొఱ్ఱను విని కోపపడెను, ప్రధానులను సమకూర్చి వారి యెదుట దానిని నిలువబెట్టెను, తనకు రావలసిన అధికారి భత్యమును తానే విడిచిపెట్టెను.

ఇక్కడ గమనింపవలసినదేమనగా, ఆ జనులు తమ మొఱ్ఱను బహిరంగముగా చెప్పిరి. మనము తరచుగా దానికి విరుద్ధముగా చేయుదుము. సభలో మౌనముగా నుందుము, ఫారములో అబద్ధమాడుదుము. న్యాయమునుగూర్చిన ప్రశ్నకు జవాబును సత్యమునుగూర్చిన గడిలో వ్రాయుదుము. దీనివలన కలుగు కీడు రెండు విధములు. మొదట, అబద్ధము వ్రాసినవాడు అన్యాయమునుగూర్చి మాటలాడు ధైర్యమును పోగొట్టుకొనును. తన లెక్క బయటపడునను భయముతో అతడు ఎమ్మెల్యే నైనను, అధికారి నైనను ప్రశ్నింపలేడు. రెండవది, అతడు ఎగవేసినది గాలిలో కలిసిపోదు. అది ఎగవేయలేనివాని మీద పడును. జీతములోనుండి ముందే కోయబడు పంతులుమీదను, ధరలోనే పన్ను కట్టు కూలీ స్త్రీమీదను పడును. అన్యాయమును సరిచేయుచున్నానని తలంచినవాడు తనకంటె క్రిందనున్నవాని వీపుమీదికి దానిని నెట్టుచున్నాడు.

"గొప్పవారు కోట్లు ఎగవేయుచుండగా నా 2,600 ఏపాటి?" అని అడుగుదురు. ఆ ప్రశ్నలోని నొప్పి న్యాయమైనదే. అయితే గొప్పవాని పాపము మన రాయిని సరియైన తూకమునకు తేదు. సత్యము వ్రాసినందుకు మనకు బహుమానము దొరకునని చెప్పుటకు నాకు అధికారము లేదు. కొన్నిసార్లు నష్టమే మిగులును. సత్యమునకు వెల ఉన్నదని తెలిసికొని దానిని చెల్లించువాడు, వెల లేదని తలంచువానికంటె స్థిరముగా నిలుచును.

చేప నోటిలోని నాణెము

కపెర్నహూములో దేవాలయపు పన్ను వసూలు చేయువారు వచ్చి పేతురును అడిగిన సంగతి మత్తయి వ్రాసెను. ప్రభువు మొదట న్యాయమునుగూర్చి మాటలాడెను. రాజులు తమ కుమారులను పన్ను అడుగరు గదా, కాబట్టి తాను దానికి బద్ధుడు కాడని చూపించెను. అయినను ఇతరులకు అభ్యంతరము కలుగకుండునట్లు చెల్లింపుమని చెప్పెను. పేతురు గాలము వేసి పట్టిన చేప నోటిలో దొరికిన నాణెము ఇద్దరికిని సరిపోయెను. ఈ భాగమును అద్భుతము కొరకు మాత్రమే చదువుచుందుము గాని, అందులో మన మిశ్రమ భావమునకు మాదిరి గలదు. ప్రశ్నను దాచలేదు, చెల్లింపును ఆపలేదు. రెండును ఒక్క దినమున, ఒక్క మనస్సులో నిలిచినవి.

మనము చెల్లించినది ఎక్కడికి పోవునో కూడ ఆలోచింపవలెను. పంతులుగారి లెక్కలోని 1,720 రూపాయల సెస్సు పేరే ఆరోగ్యము, విద్య. 2018లో ఆ పేరున వచ్చినది. సెస్సులో రాష్ట్రములకు పంపకము లేదు. మిగిలిన కేంద్ర పన్నులలో పంచదగిన భాగమునుండి నూటికి 41 రాష్ట్రములకు పంచవలెనని పదిహేనవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు నిర్ణయించెను. ఆ పంపకములో ఆంధ్రప్రదేశమునకు వచ్చినది నూటికి 4.047. ఇంత చుట్టు తిరిగి మన గ్రామమునకు ఏమి చేరుచున్నదని అడుగుట మన హక్కు. పెట్టిన ధనము వ్యర్థమగుట చూచినప్పుడు బాధపడుటయు న్యాయమే.

అయితే చేరినదానినికూడ చూడవలెను. బెజవాడవద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, దాని స్థానమున కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమైనది. డెల్టాలో నేడు అన్నము తినుచున్న ప్రతివాడును ఎన్నడును చూడని ఎవరెవరో కట్టిన పన్నును తినుచున్నాడు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు ప్రాంతము మునిగినప్పుడు, బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనప్పుడు, పడవలును హెలికాప్టర్లును వచ్చినవి. సహాయము ఆలస్యమైనదని మూలిగినవారున్నారు, వారి మాటలో నిజమున్నది. వచ్చిన పడవలో ఒక పలక ఎక్కడనో ఒక పంతులు కట్టిన 2,600 రూపాయలు. ఈ రెండు మాటలలో ఏదియు రెండవదానిని కొట్టివేయదు.

కానుకనుగూర్చి ఒక మాట. సంఘమునకు ఇచ్చిన దశమభాగమును లెక్కలో చూపి పన్ను తగ్గించుకొనవచ్చునా అని కొందరు అడుగుదురు. 1961 చట్టములోని 80జి తగ్గింపు ధర్మకార్యములు చేయు ఆమోదిత సంస్థలకు ఇచ్చిన విరాళములకు మాత్రమే. ఒక మతశాఖ ఆరాధన కొరకే యున్న సంఘమునకు ఇచ్చిన సాధారణ కానుకకు అది వర్తింపదు. క్రొత్త పన్ను విధానము ఏరుకొన్నవారికి ఆ తగ్గింపే లేదు. కాబట్టి కోశాధికారిని లేని రసీదు అడుగవద్దు, కోశాధికారి ఇయ్యవద్దు. తిరిగి రాదని తెలిసి ఇచ్చినదే కానుక. ఈ విషయములో చట్టము మన కానుకను పవిత్రముగానే ఉంచినది.

సుంకరి ప్రక్కన

సత్యముగా లెక్క వ్రాసినవానికి చివరగా ఒక అపాయము గలదు. లూకా 18వ అధ్యాయములో ఇద్దరు దేవాలయమునకు వెళ్లిరి. పరిసయ్యుని లెక్క తప్పు కాదు. అతడు దశమభాగము నిజముగానే ఇచ్చెను, మోసము చేయలేదు. అయితే తన సరియైన లెక్కను ప్రక్కవాని మీద రాయిగా విసరెను. ప్రక్కవాడు ఎవడు? సుంకరి, అనగా పన్నుల లెక్కలో చెడిపోయినవాడు. తన చేతితో సరిగా రిటర్ను వ్రాసికొన్న మనము, ముప్పది వేలు తెచ్చుకొన్న తోటి ఉద్యోగిని చూచి పెదవి విరిచినయెడల, ఆ ఉపమానములో మన చోటు ఎక్కడనో చెప్పనక్కరలేదు. "నేను వెర్రివాడను" అను సణుగుడును, "నేను వానివంటివాడను కాను" అను గర్వమును ఒకే వేరునుండి పుట్టును. రెండును తన లెక్కను విడిచి ప్రక్కవాని లెక్కలోనికి చూచుటవలన కలుగును.

తప్పిపోయినవానికి త్రోవ మూయబడలేదు. తప్పుగా వ్రాసినవారు తమంతట తామే సరిచేసికొనుటకు 2022లో చట్టము ఒక వీలు కలిగించెను. సరిచేసిన రిటర్ను దాఖలు చేయుటకు మొదట రెండు సంవత్సరముల గడువుండగా, 2025లో అది నాలుగు సంవత్సరములకు పెంచబడినది. మొదటి సంవత్సరములో వచ్చినవారు కట్టవలసిన పన్ను, వడ్డీలపై నూటికి 25 అదనముగా చెల్లింపవలెను. ఆలస్యమైనకొలది అది 50, 60, 70 వరకు పెరుగును. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇత్తుననెను. చట్టము నాలుగవ వంతు అడుగుచున్నది, ఆ మనుష్యుడు నాలుగింతలు ఇచ్చెను. ఆ దినమున అతనికి తన లెక్క చూచి నష్టము కనబడెనో లేదో గాని, అతని యింట సంతోషము కనబడెను.

కాబట్టి ప్రియులారా, ఈసారి లెక్కకు కూర్చుండునప్పుడు మూడు పనులు చేయుదము. వ్రాయువరకు సత్యమును మాత్రమే అడుగుదము. పంపిన తరువాత న్యాయమునుగూర్చి నోరు తెరచి అడుగుదము, గ్రామసభలో, ఓటు వేయుచోట, పత్రికకు వ్రాయు ఉత్తరములో. మన యువజనులలో ఫారములు చదువగలవారు సంఘములోని విధవరాండ్రకు, పింఛను వృద్ధులకు ఉచితముగా సహాయపడవలెను. బ్యాంకు వడ్డీలో అనవసరముగా పన్ను కోయబడకుండ ఏ పత్రము ఇయ్యవలెనో ఎరుగక నష్టపోవు ముసలివారు మన మధ్యనే యున్నారు. వారికి సహాయము చేయుడి గాని, వారి పేరున ఒక్క అబద్ధపు అంకెయు వ్రాయకుడి.

ఆ తరువాతను మనస్సు కొంత బరువుగా, కొంత తేలికగా నున్నయెడల కలవరపడవద్దు. సరియైన లెక్క వ్రాసిన మనుష్యునికి ఈ లోకములో ఉండదగిన మనస్సు అదియే. పూర్తిగా సంతోషించుటకు లోకము ఇంకను న్యాయముగా లేదు, పూర్తిగా దుఃఖించుటకు మనకు ఇయ్యబడినది తక్కువ కాదు.

ప్రార్థన: ప్రభువా, మా సంచిలో ఒక్క రాయినే ఉంచుము. మాకు కలిగినదానిని చూచినప్పుడు కృతజ్ఞతను, పోయినదానిని చూచినప్పుడు ఓర్పును, పొరుగువాని లెక్కను చూచినప్పుడు కనికరమును దయచేయుము. ఆమేన్.